ఒకే మంచం దగ్గర ఇద్దరు డాక్టర్లు

"అయితే నాను దొంగేసాలు ఏస్తన్నానంటావేటి?" అన్నాడు సూర్యం.

కనకం తడబడింది. నరాల డాక్టరు ఇంగ్లీషులో అన్నదే తెలుగులో చెప్పింది: నరాల్లో ఏ లోపమూ లేదని.

"నానన్లేదు బాబూ. డాక్టరుగారన్నారు."

"నీ నోటంటే కదా ఇన్నాను."

అది రెండో ప్రపంచ యుద్ధకాలం. బిలాస్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు రైల్వే కూలీ కూతురు కనకం, అక్కడి రైల్వే ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుంటోంది. సూర్యం విజయనగరం వైపు నుంచి కొత్తగా వచ్చిన ఫైర్‌మన్, రైలింజనులో బొగ్గు వేసేవాడు. హిందీ కూడా రాదు. ఇంజన్లు నిలిపే లోకో షెడ్‌లో స్నేహితుడు పైడిరాజు ఇంజను కింద పడి చనిపోయిన మర్నాటి నుంచి సూర్యం కుడికాలు కదలడం లేదు. డ్యూటీ ఎగ్గొట్టే నాటకమని షెడ్‌లో అంటున్నారు. పైవాళ్లూ అదే నమ్మితే ఉద్యోగం పోతుంది.

"ఇది మనసు డాక్టరు చూడాలి" అని నరాల డాక్టరు తప్పుకున్నాడు. రాంచీ నుంచి వచ్చిన మనసు డాక్టరేమో "ముందు నరాల సంగతి ఆయన తేల్చాలి" అన్నాడు. ఇద్దరి మాటలూ చేరవేసేది కనకమే. విన్న ప్రతిసారీ సూర్యం గోడవైపు తిరిగిపోయేవాడు. ఆ వీపు చూస్తే ఆమెకు కోపం వచ్చేది. కోపంతో పాటు ఇంకేదో కూడా.

ఒక మధ్యాహ్నం వాన ఇద్దరు డాక్టర్లనీ వరండాలో నిలబెట్టేసింది. కనకం ధైర్యం చేసింది.

"సార్, ఇద్దరూ ఒక్కసారి కలిసి చూడకూడదా?"

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని లోపలికి నడిచారు.

నరాల డాక్టరు సూర్యం కుడి మడమ కింద కనకం అరచేయి పెట్టించి, ఎడమకాలు ఎత్తమన్నాడు. అతను ఎడమకాలు ఎత్తగానే, ఇన్నాళ్లూ కదలని కుడి మడమ ఆమె చేతిని గట్టిగా నొక్కింది.

"చూశావా, బలం ఉంది. కానీ ఎత్తాలనుకుంటే రావడం లేదు. మనసుకు దెబ్బ తగిలినవాళ్లలో ఇలా అవుతుంది. ఇది నటన కాదు, జబ్బు. ఆ మాట నేను రాసిస్తాను," అన్నాడాయన.

మనసు డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "ఆ రోజు ఏం జరిగింది?"

కనకం తెలుగులో అడిగింది. సూర్యం ఈసారి గోడవైపు తిరగలేదు.

"పైడిరాజు కేకేసినాడు. నాను ఆడికాడికి పరిగెట్టాలనుకున్నాను. కాలు రానేదు."

ఆ మాట కనకం ఇంగ్లీషులో చెప్పింది. వాన వెలిసినా డాక్టర్లిద్దరూ అక్కణ్నుంచి కదలలేదు.

ఆనాటి నుంచి వాళ్లు కలిసే వచ్చారు. ఒకరు కాలికి కసరత్తులు నేర్పితే, ఇంకొకరు మాటలు విన్నారు. చలికాలానికి సూర్యం చేతికర్రతో వరండాలో నడుస్తున్నాడు.

"రేపు డ్యూటీకెల్తన్నాను. షెడ్‌లో కూకుని చేసే పనిచ్చినారు," అన్నాడు ఒక సాయంత్రం.

"అచ్ఛా. ఇంక ఇటేపు రావన్నమాట."

"రావాలనే ఉంది. గానీ మళ్లీ కాలాగిపోతే? నన్ను కట్టుకున్నందుకు ఏడుస్తావు."

"కట్టుకుంటానని ఎవులన్నారు?"

సూర్యం తల దించుకున్నాడు. కనకం అతని చేతికర్ర తీసి గోడకు ఆనించి, తన చేయి అందించింది.

"ఆగిపోతే కూకుందాం. వచ్చినప్పుడు నడుద్దాం. పద, మా అయ్య క్వార్టర్‌లోనే ఉన్నాడు. అడుగుదువుగాని."