బొమ్మ లేని ఆఖరి కట్ట

సిద్దిపేటలో, గుడ్డ మీద కథల పటాలు రాసి కొయ్యబొమ్మలకు రంగులేసే ఆ నకాషీల ఇంట తెల్లవారేది చింతగింజల గుజ్జు వాసనతోనే. నానిన గింజలు రోట్లో వేసి రుబ్బుతూనే ఐలవ్వ ఒక చెవిని వాకిట్లో కూర్చున్న కూతురి మీద పెట్టింది. ఎనిమిదేళ్ల అంజవ్వ చిన్న వాచకం ఒళ్లో పెట్టుకుని గుక్క తిప్పుకోకుండా చదివేస్తోంది. పేజీకో బొమ్మ, బొమ్మ కింద రెండు ముక్కలు, అంతే ఆ పుస్తకం. పక్కనే కొయ్యబొమ్మకు గుజ్జు పూస్తున్న తండ్రి ఇస్తారి ఆ చదువుకి మురిసిపోతున్నాడు.

"ఆవు గడ్డి మేసె. దూడ పాలు తాగె. కోడి కూత కూసె."

అప్పుడొచ్చింది అత్త కొమురవ్వ. వంగి, పేజీ మీది బొమ్మకు అరచెయ్యి అడ్డం పెట్టింది.

"ఏదీ, ఇప్పుడు సదువు బిడ్డా."

అంజవ్వ నోరు ఠక్కున మూతపడింది. అక్షరాల వంక చూసింది, నాయినమ్మ చేతి వంక చూసింది, తల్లి వంక చూసింది.

"నీ బిడ్డ సదువుతలేదే ఐలవ్వా. బొమ్మ జూసి ఒప్పజెప్తుంది. గా మాత్రం నేను గూడ జెప్త," అని కొమురవ్వ కొంగు దులుపుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

మాట నిజమే. నిజమే కాబట్టి ఐలవ్వకు ఒళ్లు భగ్గున మండింది. వేరే ఎవరైనా అంటే పడేదేమో! ఈ మనిషి, ఈ కొమురవ్వ, చదువు గురించి మాట్లాడటమా?

పదేళ్ల కింద ఐలవ్వ కొత్త కోడలిగా ఈ గడప తొక్కినప్పుడు చీరల మధ్య దాచి ఒక కథల పుస్తకం తెచ్చుకుంది. హనుమకొండలో దుకాణాలకు బోర్డులు రాసే ఆమె నాయిన, కొడుకుతో పాటు కూతురికీ అక్షరాలు నేర్పాడు. పడవవాని బిడ్డ ముత్తి, గోదావరి వరదలో తప్పిపోయిన అన్నను వెతుక్కుంటూ పోయే కథ ఆ పుస్తకం. పన్నెండు ప్రకరణాలు. ఐలవ్వ పదకొండు చదివింది. పన్నెండోది తెరవాల్సిన రోజు నీళ్లు తోడుకుని తిరిగి వచ్చేసరికి పుస్తకం పొయ్యిలో ఉంది. "కోడలు పుస్తకం పట్టుకుంటె గంజి ఎవలు కాస్తరు?" అంది కొమురవ్వ, పుల్లతో మంట ఎగదోస్తూ.

పాతబడి చిరిగిన పటాన్ని కూడా పసుపు కుంకుమ పెట్టి గంగలో కలిపే ఇల్లు అది! కథ రాసిన గుడ్డముక్క పొయ్యిలోకి పోతే పాపమని చెంపలేసుకునే మనుషులు! అలాంటి ఇంట్లో కాల్చారు ఆమె పుస్తకాన్ని. ఐలవ్వ ఆ రోజు ఏడవలేదు, ఎదురు చెప్పలేదు. మనసులో ముడి వేసుకుని కూర్చుంది. పదేళ్లైనా ఆ ముడి వదులు కాలేదు.

కిందటి నెల ఆమె తమ్ముడు ఉప్పలయ్య పాత పుస్తకాల అంగట్లో అదే కథ దొరికిందని తెచ్చి ఇచ్చాడు. ఆత్రంగా అందుకుంది గానీ ఆఖరి ప్రకరణం మాత్రం తెరవలేదు. ఆమె లెక్క వేరు. అంజవ్వ ఈ పుస్తకాన్ని నాయినమ్మ ముందర, వాడకట్టు ఆడవాళ్లందరి ముందర గడగడా చదవాలి. ముసలిదాని చెవులు కథకు అతుక్కుపోవాలి. పదకొండో ప్రకరణం అయిపోగానే "ఆపు బిడ్డా" అని పుస్తకం మూసెయ్యాలి. ముత్తికి అన్న దొరికాడో లేదో తెలియకుండా ఆ ముసలిది కాటికి పోవాలి. అప్పుడు గానీ తన కడుపు చల్లబడదు.

అత్త ఆ మాట అన్న రోజు మధ్యాహ్నమే చిన్న వాచకం లాగేసి, ఆ లావు పుస్తకం తెచ్చి కూతురి ముందర పెట్టింది.

"ఇగ గిది సదువు."

అంజవ్వ పేజీలు తిప్పింది. ఒకటి, పది, ఇరవై. "బొమ్మలేవి అమ్మా?"

"లేవు. నువ్వేమన్న పసిపిల్లవా?"

"గిదంత ఎన్నడు ఒడుస్తది?"

"ఒడిసినప్పుడు ఒడుస్తది. నోరు మూసుకోని సదువు!"

నోరు మూసుకుని ఎలా చదువుతుంది పాపం? మొదటి రోజు నాలుగు వరుసలు, రెండో రోజు ఆ నాలుగే. ఎక్కడ ఆపిందో వేలు పెట్టి గుర్తుంచుకునేది, వేలు తీస్తే మళ్లీ మొదటికొచ్చేది. నాలుగో రోజుకి పుస్తకం కనబడగానే కడుపునొప్పి అని ముడుచుకుని పడుకుంది. ఐలవ్వ రెక్క పట్టి లేపి వీపు మీద ఒకటి చరిచింది.

"ఎవలి మీది కోపం ఎవలి మీద దీస్తున్నవే?" ఇస్తారి పని వదిలేసి లేచాడు.

"మీ అమ్మ మీది కోపమే. ఏం జేస్తవ్? ఆమెను కొట్టరాదు గద!"

"పదేండ్లాయె. ఇంక గదే పట్టుకోని ఏలాడుతవా?"

"నీ కుంచెలన్ని ఎవలన్న పొయ్యిల పెడితె, పదేండ్లకు నువ్వు మర్చిపోతవా? చెప్పు!"

ఇస్తారి కొయ్యబొమ్మను మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. అంజవ్వ మాత్రం రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగి వెక్కుతోంది. ఐలవ్వ విసుగొచ్చి పుస్తకాన్ని గుడ్డలో మూటగట్టి గూట్లో పెట్టేసింది. బతుకమ్మ పండుగ వెళ్లాక మళ్లీ మొదలుపెట్టాలి, ఈసారి చింతబరిగె పక్కన పెట్టుకుని కూర్చోవాలి అనుకుంది. చూశారా, కక్ష ఎంత పాడుదో! పిల్ల చదవాలని ఆమె కోరిక కాదిప్పుడు, పిల్ల చేత ఒకరిని కొట్టించాలని కోరిక.

పండుగ వచ్చింది, వెళ్లింది. ఆ రోజుల్లో బొమ్మలకు గిరాకీ ఎక్కువై ఐలవ్వ రోజూ అన్నాలయ్యాక సుద్దమట్టి జల్లెడ పట్టే పనికి కూర్చునేది. అంజవ్వ నాయినమ్మతో పెరటి కొట్టంలోనే ఉంటోందని తెలుసు గానీ, అక్కడేం చేస్తోందో పట్టించుకోలేదు.

పండుగైన వారానికి గూట్లోంచి మూట తీసింది. చేతికి బరువు తగల్లేదు. విప్పి చూస్తే రెండు అట్టలున్నాయి. మధ్యలో ఒక్క కాగితం కూడా లేదు.

 ఐలవ్వ పరుగున పోయి పొయ్యి పక్కనున్న బూడిదకుప్పను చేతులతోనే దేవింది. కాలిన కాగితం కోసం వెతికింది. ఏమీ దొరకలేదు. బూడిద చేతులతోనే కొట్టంలోకి దూసుకుపోయింది.

"పుస్తకమేది?"

కొమురవ్వ, అంజవ్వ ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. కొమురవ్వ చేతిలో సన్న కుంచె ఉంది. వేళ్లకు ఎర్రరంగు.

"కోసిన," అంది ముసలామె నిదానంగా.

"కోసినవా! ఒకపారి కాలవెట్టినవ్, ఇప్పుడు కోసినవా! నేను నీకేం పాపం జేసిన? నీ చేతులు పడిపోను! నా బతుకుల ఒక్క పుస్తకం గూడ ఉండనియ్యవా?"

ఆ అరుపుకి ఇస్తారి కూడా పరుగెత్తుకొచ్చాడు.  కొమురవ్వ మూలనున్న వెదురుబుట్ట జరిపింది. బుట్టలో పన్నెండు చిన్న కట్టలు. ఒక్కో ప్రకరణం ఒక్కో కట్ట. నూలుదారంతో కుట్టి, పటం గుడ్డ ముక్కలు చింతగింజల గుజ్జుతో పైన అతికించి ఉన్నాయి. ఒక్కోటి అరచెయ్యి మందం కూడా లేదు.

"మన పటం ముప్పై మూరలుంటది గదనే," అంది కొమురవ్వ. "కథ జెప్పెటోడు ఊరోళ్ల ముంగట అంత ఒక్కపారే పరుస్తడా? ఒక్క వరుస ఇప్పుతడు, గంతవరకు కథ జెప్తడు, చుట్టేస్తడు. తెల్లారి ఇంకో వరుస. నువ్వు పసిపిల్ల ముంగట ముప్పై మూరలు ఒక్కపారే పరిస్తివి. అది బెదరదా?"

ఐలవ్వ ఒక కట్ట తీసింది. మొదటిది. ప్రకరణం మొదట్లో సగం పేజీ ఖాళీ ఉండే చోట ఎర్రటి నేల మీద పడవ, ముత్తి, వరద. పేజీల అంచుల నిండా కూడా బొమ్మలే. నాలుగో కట్టలో మూడే బొమ్మలు. ఎనిమిదో దాంట్లో ఒక్కటే. పదకొండో దాంట్లో చిటికెన గోరంత పడవ, అంతే.

"పదకొండు సదివిన అమ్మా!" అంజవ్వ భయం భయంగానే అయినా గొప్పగా చెప్పింది. "నాయినమ్మ చెయ్యి అడ్డం పెట్టినా సదివిన. ఆఖరిది ఇయ్యాల సదువుత."

"రోజు కొంచెం సదువుతది, నేను ఇనుకుంట బొమ్మ ఏస్త," అంది కొమురవ్వ. "గా ముత్తికి అన్న దొరుకుతడో లేదో అని నాకు నిన్నటి సంది బువ్వ సయిస్తలేదు."

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే ఏమయ్యేదో! ఐలవ్వ కళ్లు మెరిశాయి. తాను పన్నిన వలలోకి ముసలిది తనంతట తానే వచ్చి పడింది. పన్నెండో కట్ట గుంజుకుని సరాసరి పొయ్యి దగ్గరికి నడిచింది. మిగతా ముగ్గురూ వెంట వచ్చారు. పొయ్యిలో నిప్పు కణకణలాడుతోంది. కట్టను మంట మీద పట్టుకుంది.

"బువ్వ సయిస్తలేదా? నాకు పదేండ్ల సంది సయిస్తలేదు! ఇప్పుడు నీకు గూడ ఎరుక గావాలె!"

"ఐలవ్వా!" అని ఇస్తారి ముందుకు ఉరికాడు. కొమురవ్వ కొడుకు చెయ్యి పట్టి ఆపేసింది.

"పెట్టనియ్ రా. నేను పెట్టిన, ఆమె పెడుతది. న్యాయమే." ఆమె రెండో చెయ్యి ముందుకు చాపింది. "గంజి కోసం కాదే నేను కాలవెట్టింది. చేర్యాలల మా నాయిన పటాలు రాస్తుండె. రంగు నూరుడు నాది, కుంచె నా తమ్మునిది. ఒకనాడు కుంచె పట్టిన. గీ చేతి మీద వాత పెట్టిండు. మళ్ల కుంచె పట్టింది గీ నెలనే. నువ్వు ఈడికొచ్చి పుస్తకం పట్టుకోని నీలో నువ్వే నవ్వుకుంట కూసుంటె నాకు కడుపుల మండింది. నాకు లేనిది నీకెందుకుండాలె అనుకున్న. గంతే. మాఫీ అడుగుత లేను, అడిగే మొఖం లేదు. పెట్టు."

ఐలవ్వ చెయ్యి వెనక్కి రాలేదు. ఇన్నేళ్ల కసి ఒక్క ముసలి మాటకు కరిగిపోతుందా? అట్ట కొస నల్లబడుతోంది. వేళ్లు కాలుతున్నాయి.

అప్పుడు కూతురి వంక చూసింది. అంజవ్వ అరవడం లేదు, ఏడవడం లేదు. నీళ్లబిందె చంకనే ఉండగా పొయ్యి వంక చూస్తూ నిలబడిన కొత్త కోడలు ఆ రోజు ఎలా ఉందో, అలా ఉంది. ఆ మొహం ఐలవ్వకు తెలుసు. పదేళ్లుగా మోస్తున్నది ఆ మొహాన్నే.

చెయ్యి గుంజుకుంది. కొంగుతో అట్ట కొస నలిపి నిప్పు ఆర్పింది. అక్కడే కూలబడి ఏడ్చేసింది, పదేళ్ల ఏడుపు. "ఏం జేయబోయిన నేను! నా బిడ్డకు ఏం జేయబోయిన!"

కొమురవ్వ గబగబా గంజినీళ్లు తెచ్చి కోడలి వేళ్లు అందులో ముంచింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముసలామె చేతి మీద పాత వాత, ఐలవ్వ వేళ్ల మీద కొత్త బొబ్బలు ఒకే గిన్నెలో ఉన్నాయి.

కొంచెం తేరుకున్నాక ఐలవ్వ కట్ట తెరిచింది. మొదటి పేజీ సగం ఖాళీగా, తెల్లగా ఉంది.

"గిండ్ల బొమ్మెందుకు ఎయ్యలే?" అంది, అత్తను కాదు, గిన్నెను అడిగినట్టు.

"నేనే ఒద్దన్న," అంది అంజవ్వ. "నాయినమ్మ ఏసే ముత్తి వేరే ఉంటది. సదివితె నాకు నా ముత్తి కనవడుతుంది."

 ఐలవ్వ కట్టను కూతురి ఒళ్లో పెట్టింది. అంజవ్వ వేలు పెట్టుకోకుండా మొదలుపెట్టింది. కొన్నిచోట్ల తడబడింది, కూడబలుక్కుంది, ముందుకు పోయింది. ముత్తి పడవ దిగి రేవు మెట్లెక్కింది. అక్కడ వల అల్లుతున్న ఒక మనిషి తలెత్తి చూశాడు.

అంజవ్వ అక్కడ ఆగింది. తల్లి మొహంలోకి చూసింది, ఎక్కడ ఆపమంటుందోనని.

"ఆయిననే అన్ననా? ఏందే, చెప్పవేందే?" అంది కొమురవ్వ, ముందుకు వంగి.

ఐలవ్వ కాలిన చేత్తోనే కళ్లు తుడుచుకుంది. జరిగి అత్త పక్కన కూర్చుంది.

"సదువు బిడ్డా," అంది. "ఆపకు."