రెండు సీట్ల ఎర్ర కారు

ఆదివారం పొద్దున్నే సత్తెమ్మ ఉప్మాకు ఉల్లిపాయలు తరుగుతుంటే, ఆమె కూతురు నవీన గోడ మేకు నుంచి కారు తాళం తీసుకుంది. హాల్లో రాజనర్సయ్య పేపర్ చదువుతున్నాడు. కూతురు కారు కొన్న ఈ నలభై రోజుల్లో, ఆమె తాళం తీసుకున్న ప్రతిసారీ ఆయనకు పేపర్లో ఏదో ఒక పెద్ద వార్త దొరుకుతూనే ఉంది.

“నాన్నా, వస్తవా? పంజాగుట్ట దాక పోయొద్దాం. రోడ్డు ఖాళీగుంటది.”

“నా మోకాళ్లు వంగయి బిడ్డా. గంత కిందికున్న బండిల నేనేం కూసుంట? నువ్వు పో.”

మోకాళ్లు వంగని ఆ పెద్దమనిషి నిన్న సాయంత్రమే మంచం కింద దూరి పిల్లికూనను బయటికి లాగాడు. నవీనకు ఆ సంగతి తెలుసు. చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నవీన మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పాఠాలు చెబుతుంది. పొద్దున ఆరున్నర బ్యాచ్ నుంచి సాయంత్రం బ్యాచ్ దాకా గొంతు పోయేలా చెప్పి, తొమ్మిదేళ్లు కూడబెట్టుకుని, ఎనిమిదేళ్ల పాతదైన రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు కొంది. అమీర్‌పేట గల్లీలో ఇదేం కారని నవ్వినవాళ్లు నవ్వారు. ఆమె పట్టించుకోలేదు. కారు కడుపు రాసుకోకుండా స్పీడ్ బ్రేకర్లను ఏటవాలుగా ఎక్కించడం వారం రోజుల్లో నేర్చేసుకుంది. ఆమెది ఒకసారి పట్టుకుంటే వదిలే రకం కాదు.

ఆ రోజు కారు పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఆగిపోయింది. మీటర్లో లైట్లన్నీ ఒక్కసారిగా వెలిగి ఆరిపోయాయి, ఇంజన్ చచ్చింది. ఇద్దరు ఆటోవాళ్లు నవ్వుతూనే దిగి కారును కిందికి తోశారు. ఫోన్ చేస్తే మెకానిక్ మెహబూబ్ వచ్చి, తన జీపుకు తాడు కట్టి, అమీర్‌పేటలోని షెడ్డుకు లాక్కుపోయాడు. అక్కడ సీటు విప్పి కార్పెట్ ఎత్తాడు. కింద ఎండిపోయిన ఒండ్రుమట్టి, పచ్చగా చిలుము పట్టిన వైర్లు కనిపించాయి.

“నీళ్లల్ల మునిగిన బండి బేటీ. పైపైన కడిగి నీకు అంటగట్టిండు.”

“కొనేముందు చెక్ చేయించిన భాయ్! ఒకాయన ట్యాబ్ పట్టుకొనొచ్చి రెండు గంటలు సూసిండు. అంతా ఓకే అన్నడు.”

“ట్యాబ్‌కు ముక్కుంటదా?” మెహబూబ్ చేతులు తుడుచుకున్నాడు. “మీ నాన్నకు సూపియ్యలేదా? బస్సుల డిపోల ముప్పై ఏండ్లు కరెంటు పని చేసిండు. వానల్ల మునిగిన బస్సులు ఎన్ని లేపిండో! రాజన్న డోర్ తీస్తే సాలు, వాసనకే చెప్తడు.”

నవీనకు గుర్తొచ్చింది. నాన్న డోర్ తీశాడు. కారు ఇంటికి వచ్చిన రోజు లోపల కూర్చున్నాడు కూడా. ఒక్క నిమిషం ఉండి, దిగి, “బాగున్నది” అని ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆమె ఇంటికి చేరేసరికి ఉప్మా చల్లారిపోయింది. సత్తెమ్మ ఏదో అడగబోయింది. నవీన నేరుగా తండ్రి ముందుకెళ్లి నిలబడింది.

“నాన్నా, గా బండి నీళ్లల్ల మునిగిందని నీకు ఎరికేనా?”

రాజనర్సయ్య పేపర్లో ఇంకో పేజీ తిప్పాడు.

“నిన్నే అడుగుతున్న.”

“ఎరికే.”

“మొదటి రోజే?”

“మొదటి రోజే.”

సత్తెమ్మ వాళ్ల మధ్యకు వచ్చింది. వచ్చాక ఆగలేదు. “ఏందయ్యా నువ్వు! పిల్ల తొమ్మిదేండ్ల కష్టమది. ఎరికైనంక చెప్పొద్దా?”

రాజనర్సయ్య పేపర్ మడిచి పక్కన పెట్టాడు. “‘నాన్నకు బస్సులు తెలుసు గని గిసొంటి కార్లు ఏం తెలుస్తయి’ అన్నది. బండి సూడ పోయిన రోజు నీ బిడ్డ వంటింట్ల నీతోనే అన్నది. నేను గప్పుడు అంగీ గుండీలు పెట్టుకుంటున్న, ఆమెతోని పోదామని. పాత బండి కొంటున్నదంటే నన్ను పిలుస్తదనుకున్న. ఆ మాట విని అంగీ ఇప్పేసిన.”

ఆ మాట తాను అన్నట్టు నవీనకు లీలగా గుర్తొచ్చింది. బ్యాచ్‌కు టైమవుతోందని, జడ వేసుకుంటూ, ఆలోచించకుండా అనేసిన మాట. ఇంట్లో ఇంత పనిమంతుణ్ణి పెట్టుకుని ఎవరో ముక్కూమొహం తెలియనివాణ్ణి నమ్మినందుకు సిగ్గేసింది. కానీ కోపం మాత్రం తగ్గలేదు.

“తప్పు నాదే, ఒప్పుకుంట. మరి నువ్వు చేసిందేంది? నలభై రోజులు నేను గా బండిల తిరుగుతుంటే పేపర్ సదువుకుంట కూసున్నవా?”

“ఆగిపోవాలని సూసిన బిడ్డా.” అన్నాడాయన. “ఆగితే నా దగ్గరికొస్తవని. ‘ఏమైందో జర సూడు నాన్నా’ అంటవని. రోజు ఎదురుసూసిన.”

“ఫ్లైఓవర్ మీద ఆగింది నాన్నా! ఎనక బస్సొస్తే?”

“బ్రేకులు మాత్రం రోజు సూసిన.” ఆయన తల ఎత్తలేదు. “నువ్వు లేవకముందే తాళం తీస్కపోయి బ్రేక్ ఆయిల్ సూసిన, టైర్లు సూసిన. బండి ఆగాలె గని నీకేం గావొద్దనుకున్న. రోడ్డు నడుమ ఆగుతదన్న సోయి లేకపాయె నాకు. పాపిష్టి ఆలోచన జేసిన.”

అరవై రెండేళ్ల మనిషి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. బండి ఆగాలని కోరుకుంటూనే దాని బ్రేకులు చూసుకునే తండ్రి మీద ఎంతసేపని కోప్పడగలం? నవీన కూడా నిలబడిన చోటే ఏడ్చేసింది.

“ఇగ సాలు ఏడ్పులు,” సత్తెమ్మ తన కళ్లు తుడుచుకుంటూనే కసిరింది. “గా దరిద్రపు బండిని అమ్మి పడేయ్. నీకు అంటగట్టినట్టే నువ్వు సుత ఎవలకన్న అంటగట్టు.”

“అమ్మేది లేదు. నాకు జరిగింది ఇంకొకలకు నా చేతులతోని చెయ్యను.” నవీన ముక్కు తుడుచుకుని తండ్రి పక్కన కూర్చుంది. “బాగ జేస్తం. ఎన్ని ఆదివారాలైనా సరే, ప్రతి వైరు మారుస్తం. నేను చేస్త, నువ్వు నేర్పాలె. ఇంకో మాట నాన్నా. కోపమొస్తే మొఖం మీదనే తిట్టు. గిట్ల సప్పుడు చేయకుండ ఉండకు. నువ్వు చెప్పకుంటె నాకెట్ల తెలుస్తది?”

రాజనర్సయ్య తువ్వాలు భుజాన వేసుకున్నాడు. లేచి చల్లారిన ఉప్మానే గబగబా తిని, “మెహబూబ్ షెడ్డుల ఉన్నడా?” అని అడిగాడు.

గంట తర్వాత ఇద్దరూ షెడ్డులో కారు పక్కన కింద కూర్చున్నారు. రాజనర్సయ్య వైర్లకు ఒక్కొక్కదానికి గుర్తు పెడుతున్నాడు. నవీన ఉత్సాహం ఆపుకోలేక ఒక వైరు పట్టుకుని లాగబోయింది.

“బ్యాటరీ ఇప్పకుండ వైరు ముట్టుకుంటవా!” రాజనర్సయ్య అరుపు గల్లీ చివరిదాకా వినిపించింది. “నెత్తిల ఏమన్న ఉన్నదా నీకు? పంతులమ్మవట పంతులమ్మవు! ఆ పిల్లలకు ఏం సదువు చెప్తున్నవో ఏమో!”

“ఆహిస్తా రాజన్నా, జర మెల్లగ, బేటీ బెదురుతది,” అన్నాడు మెహబూబ్.

నవీన బెదరలేదు. ఆమె కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. నలభై రోజులుగా వంగని మోకాళ్లు, పెద్ద పెద్ద వార్తలు తప్ప తండ్రి నుంచి ఆమెకేమీ దక్కలేదు.

“ఇంకా తిట్టు నాన్నా,” అని బ్యాటరీ విప్పడానికి పానా అందుకుంది.