గోటి గాట్లు

తెల్లవారగానే తల్లి చేసే మొదటి పని, కూతురి గది తలుపు మెల్లగా తోసి, ముక్కు దగ్గర వేలు పెట్టి ఊపిరి చూడడం. రెండోది, కిటికీ దగ్గరున్న బోన్సాయ్ చెట్టు బెరడును గోటితో గీకి లోపల పచ్చగా ఉందో లేదో చూడడం. ఏళ్ల తరబడి నర్సుగా చేసిన మనిషి. ఈ రెండూ చూడనిదే ఆమెకు కాఫీ గొంతు దిగదు.

ఆ జానెడు చెట్టు అల్లుడు పెంచినది. ఇంట్లో పెంచితే దానికి అలకలెక్కువ. వెలుగు తగ్గితే ఆకు రాలుస్తుంది, నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లుతుంది, ఏసీ గాలి అసలు పడదు. "కొత్త అల్లుడికి కూడా ఇన్ని మర్యాదలుండవు" అని అతన్నే ఆటపట్టించేది తల్లి. అతను ప్రమాదంలో పోయాడు. కూతురు చెట్టుతో పుట్టింటికి వచ్చి, ఓ రోజు నిద్రమాత్రలు మింగింది. తల్లి సమయానికి చూసింది కాబట్టి బతికింది. అప్పట్నుంచి కూతుర్నీ చెట్టునీ కంటికి రెప్పలా కాస్తోంది.

ఆ ఉదయం కొమ్మలన్నీ వాడిపోయి ఉన్నాయి. కూతురు కుండీని వెలుగులోకి తిప్పింది. మొదలు చుట్టూ బెరడు లేదు.

"అమ్మా, ఇదేంటి?"

"బతికుందో లేదోనని గోరంత గీకేదాన్ని."

"రోజూనా?"

"ఒకేచోట గీకితే పుండవుతుందని, రోజుకో పక్క..." తల్లి తన గోళ్లకేసి చూసుకుంది.

"చుట్టూ బెరడు పోతే వేళ్లకి తిండి దిగదమ్మా. చూసి చూసి చంపేశావు." గొంతు పెంచకుండానే అంది కూతురు. "నన్నూ అంతే. స్నానానికెళ్తే తలుపు కొడతావు. పొద్దున్నే నువ్వు వేలు పెట్టేసరికి నేను మెలకువగానే ఉంటాను. నువ్వు భయపడకూడదని గట్టిగా ఊపిరి పీలుస్తాను. అలిసిపోయానమ్మా."

తల్లి కూలబడింది. "ఆ రోజు చూడకపోతే నువ్వు నాకు దక్కేదానివా? చూడడం ఎలా మాననే?"

కూతురు వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

చెట్టు మాత్రం బతకలేదు.

మర్నాడు తల్లి తలుపు దాకా వెళ్లి, చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి లోపల్నుంచి మాట వినిపించింది.

"బతికే ఉన్నానమ్మా. కాఫీ పెట్టు."

తలుపు తియ్యకుండానే వంటింట్లోకి నడిచింది తల్లి. పాలు పొంగిపోతున్నా కళ్లనీళ్లలో ఆమెకు పొయ్యి కనిపించలేదు.