వేయని సంతకం

రాత్రి డ్యూటీ దిగి బస్సులో వస్తుంటే సౌదీలోని యాన్బు దగ్గర సముద్రం మీద పొగమంచు కమ్ముకుని ఉంది. రిఫైనరీ గొట్టాలు మొదళ్లు లేకుండా గాలిలో తేలుతున్నట్టున్నాయి. నర్సు కృపామణికి కళ్లు మూతలు పడుతున్నాయి. ఆ మగతలో భర్త ప్రేమరాజు పక్కనే కూర్చుని, అమలాపురం వచ్చేసింది లేవమంటున్నాడు. కళ్లు తెరిస్తే పక్కన ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి.

ప్రేమరాజు జైలుకు వెళ్లి నలభై రోజులైంది. అతను స్టోర్‌కీపరుగా ఉన్న కాంట్రాక్టు కంపెనీ, సౌదీ ఉద్యోగులు చాలినంత మంది లేక, స్థానికుల వాటా లెక్కగట్టే నితాఖత్‌లో రెడ్ జాబితాలో పడింది. దేశంలో ఉండనిచ్చే ఇఖామా కార్డులు ఎవరికీ రెన్యువల్ కాలేదు. ఆ గందరగోళంలో స్టోర్లోని రాగి కేబుళ్లు మాయమయ్యాయి. సరుకు బయటికి పంపిన చీటీల మీద ప్రేమరాజు సంతకం ఉంది. దొంగతనం కేసు పెట్టారు.

ఇంట్లో కీర్తన ఉప్మా చేసి ఎదురుచూస్తోంది. ఇంటరు పూర్తయిన పిల్ల.

"జెద్దా వకీలు ఏమన్నాడమ్మా?"

"నా ఆర్నెల్ల జీతం అడిగాడే."

"ఆస్పత్రిలో ఎవరినైనా అడక్కూడదా?"

కృపామణి ఉప్మా గిన్నె ముందుకు లాక్కుంది. ఆస్పత్రిలోనూ, ప్రార్థన కూడికలోనూ తన భర్త దూరాన రాస్ తనూరాలో పనికెళ్లాడని చెప్పింది. ఆ మాట చెప్పీ చెప్పీ, ఒక్కోసారి తనకే నిజమనిపిస్తోంది.

మర్నాడు ఆస్పత్రి దుబాసీ అబ్దుల్ ఘనీ దగ్గర నిలబడి, నేల చూస్తూ అంతా చెప్పేసింది. ఆయనది నిజామాబాద్.

"సిస్టర్, గిన్ని దినాలు నాకెందుకు చెప్పలే?" అన్నాడాయన. "మదీనాల ఒక వకీలున్నడు. కూలోళ్ల కేసులు చూస్తడు. ఫీజు తక్కువ, నెలనెలా ఇయ్యొచ్చు. ఒక్కటే మాట, మీ ఆయన ఒప్పుకున్నట్టు ఏ కాయితం మీదా సంతకం పెట్టొద్దు."

ములాఖాత్ రోజున తల్లీకూతుళ్లు జైలుకు వెళ్లారు. అద్దానికి అవతల ప్రేమరాజు చిక్కిపోయి ఉన్నాడు. ఫోనులో అతని గొంతు నీళ్ల అడుగునుంచి వస్తున్నట్టుంది.

"వకీలు వద్దు కృపా. ఎల్లుండి ఒప్పేసుకుంటాను. కొన్నాళ్లు ఉంచి ఇండియా పంపేస్తారంట. ఆ డబ్బు పిల్ల చదువుకి ఉంచు."

"చెయ్యని దొంగతనం ఎలా ఒప్పుకుంటారండీ?"

అతను తల వంచుకున్నాడు. "సంతకం నాదే. మేనేజరు ఖాళీ చీటీల కట్ట మీద పెట్టించుకున్నాడు. ఇఖామా రెన్యువల్ చేయిస్తానంటే పెట్టేశాను. నీకు చెప్పడానికి సిగ్గేసింది."

కృపామణికి కోపం రాబోయి ఆగిపోయింది. తనూ అంతేగా. పరువు పోతుందని నోరు విప్పక, అతన్ని నలభై రోజులు లోపలే ఉంచింది.

"మీరు నా దగ్గర దాచారు. నేను లోకం దగ్గర దాచాను," అంది, కళ్లనీళ్లు కారిపోతుంటే. "ఇద్దరం ఒకటే తప్పు చేశామండీ."

కీర్తన ఫోను అందుకుంది. "నాన్నా, దొంగ కూతుర్నని అనిపించుకుంటూ చదవలేను. నేను కాకినాడ వెళ్లి పిన్ని దగ్గరుంటాను. నేనిక్కడ ఉన్నందుకు నెలనెలా సర్కారుకి కట్టే లెవీ మిగులుతుంది. అది వకీలుకివ్వండి. సంతకం మాత్రం పెట్టకండి."

ఆ సంగతి తల్లికి అప్పుడే తెలిసింది. పిల్ల ఎప్పుడు పెద్దదైపోయిందో తెలియలేదు. ప్రేమరాజు అద్దం మీద చెయ్యి ఆనించి సరేనన్నాడు.

మదీనా వకీలు చీటీలన్నీ ఒక్కొక్కటే చదివాడు. వాటిలో నాలుగింటి మీద ఉన్న తేదీల్లో ప్రేమరాజు అసలు సౌదీలోనే లేడు. తమ్ముడి పెళ్లికి ఇండియా వెళ్లాడు. పాస్‌పోర్టులో ఎగ్జిట్ రీఎంట్రీ ముద్రలున్నాయి. మూడు వాయిదాలు నడిచాయి. కోర్టులో అరబ్బీ మాటలు కృపామణి చెవుల్లో జోలపాటలా సాగిపోయేవి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా, భర్త తలెత్తి నిలబడ్డాడని కనబడేది.

చివరి వాయిదాలో అబ్దుల్ ఘనీ ఆమె వైపు వంగి, "నేరం లేదన్నరు సిస్టర్," అన్నాడు.

విడుదల కాయితాలయ్యాక బయటికొచ్చి కాకినాడలో ఉన్న కీర్తనకు ఫోను చేశారు. ప్రేమరాజు ఫోను స్పీకరులో పెట్టుకుని ఏడ్చేశాడు. భుజాలు కదిలిపోతున్నాయి. ఇలా ఇవ్వండంటూ కృపామణి ఫోను తీసుకోబోయింది.

"ఉండనివ్వమ్మా," అంది కీర్తన అవతలినుంచి. "నాన్నని ఏడవనివ్వు. నేను లైన్లోనే ఉంటాను."