ముప్ఫై ఏడు డిగ్రీల పెట్టె

తెల్లవారుజామున బాపట్ల ల్యాబులో అసిస్టెంట్ మోహనకృష్ణను కాల్చి చంపారు. సైలెన్సర్ పిస్టల్, ఒకే బుల్లెట్. హంతకుడు వెతికిన పెట్టె మాత్రం దొరకలేదు.

ఆ స్టీలు పెట్టె ఇప్పుడు తెనాలి జంక్షన్‌లో, రేపల్లె పాసింజరులో, డాక్టర్ ప్రమీలారాణి ఒళ్లో ఉంది. ఏజెంట్ ఫరూక్ టీసీ వేషంలో బోగీ ఎక్కాడు. పాడు ఎండ, పైగా నల్లకోటు! చెవిలోని బుల్లి ఇయర్‌ఫోన్‌లో చీఫ్ వీరాస్వామి గొంతు మోగింది.

“ఏంటయ్యా, ఎక్కావా? విను. పిండంలో మెదడు ఎలా తయారవుతుంది, ఒక నాడీకణం ఇంకోదానికి సిగ్నల్ ఎలా పంపుతుంది అని ముప్ఫయ్యొక్క ఏళ్లుగా ఆవిడ పరిశోధిస్తున్నారు. ఆ సిగ్నల్ తెగితే పుట్టిన బిడ్డ లేచి నిలబడలేదు. దానికి మందు కనిపెట్టారు. రుజువు ఆ పెట్టెలో ఉంది. విదేశీ ముఠా చేతికి చిక్కితే మందును విషం చేసేస్తారు. రేపల్లెలో మన ల్యాబుకి చేర్చు.”

“లోపల ఏముంది సార్?”

“నాకే చెప్పలేదు. ఆవిడ తప్ప ఎవరూ తెరవకూడదట. ఇంకోటి, మనలో ఎవరో అమ్ముడుపోయారు. ఎవర్నీ నమ్మకు.”

చెప్పడం తేలికే! ఎదురుగా ఉన్నది ఇద్దరు. డాక్టరు, ఆమెకు ఎస్కార్టుగా వచ్చిన సిమ్రాన్. సిమ్రాన్ రెండేళ్లు ముఠాలో మన మనిషిగా పనిచేసిన డబుల్ ఏజెంట్. చూపు తిప్పుకోలేని అందగత్తె.

“టికెట్?”

“దుగ్గిరాల పసుపు ఈ ఏడు రంగు తక్కువండి,” అంది సిమ్రాన్. కోడ్ సరిపోయింది.

వేమూరు దాటాక డాక్టరు పెట్టె మూత మీద గోటితో టక్, టక్ టక్ అని కొట్టింది. చెవి ఆనించి వింది. మళ్లీ కొట్టింది.

“మోర్స్ కోడ్,” గుసగుసలాడింది సిమ్రాన్. “ముఠాకి కబురు పెడుతోంది.”

ఫరూక్ డాక్టరు మొహంలోకి చూశాడు. చచ్చిన తన అసిస్టెంటు కోసం ఈవిడ ఒక్క కన్నీటిచుక్క కూడా రాల్చలేదు. అతని చెయ్యి పిస్టల్ మీదికి వెళ్లింది.

భట్టిప్రోలు దాటేసరికి, నిద్రలేని డాక్టరు కిటికీకి తల వాల్చేసింది. సిమ్రాన్ మెల్లగా పెట్టె లాక్కుని మూత తీసింది. థర్మామీటరు ముప్ఫై ఏడు డిగ్రీలు చూపిస్తోంది. వెచ్చటి దూదిలో పన్నెండు గుడ్లు! సీటు కింద నుంచి ఐసుపెట్టె బయటికి వచ్చింది.

“చీఫ్ ఆర్డర్. శాంపిల్స్ పాడవకుండా ఐసులో పెట్టమన్నారు.”

ఫరూక్‌కి అమ్మ మీరాబీ గుర్తొచ్చింది. నాటుకోడిని పొదగేసిన ఇరవయ్యొకటో రోజున అమ్మ కూడా గుడ్డును ఇలాగే గోటితో తట్టి, చెవి దగ్గర పెట్టుకునేది. లోపలి పిల్ల కిచకిచమని జవాబిచ్చేది. ఓరి నాయనో, అది మోర్స్ కాదు!

“లోపలేముందో చీఫ్‌కే తెలీదు. ఐసు ఎవరి ఆర్డరు సిమ్రాన్?”

ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. విషపు సూది దూసుకొచ్చి ఫరూక్ అడ్డుపెట్టిన రసీదు పుస్తకంలో దిగబడింది. మరో చేత్తో ఆమె గుడ్లన్నీ ఐసు మీదికి వంచేసింది. ఫరూక్ కోటు చాపి కింద పడ్డాడు. పన్నెండూ కోటులోనే పడ్డాయి. మరుక్షణం సిమ్రాన్ చెయ్యి బేడీతో కిటికీ ఊచకు బిగిసింది.

ఇంత గలాటాకీ లేవని డాక్టరు, ఒక చిన్న కిచకిచకి ఉలిక్కిపడి లేచింది. గుడ్డు పగిలింది. తడిసిన పిల్ల బయటపడి, కాళ్లు మడిచి కూలబడింది. మళ్లీ ప్రయత్నించి మళ్లీ పడింది.

“ఇవి ఆ సిగ్నల్ తెగిన గుడ్లు. మందు పడని పిల్లల్లో ఒక్కటీ నిలబడలేదండీ,” అంది డాక్టరు.

మూడోసారి అది నిలబడింది.

“మోహనా, చూడరా! నిలబడింది!” డాక్టరు అప్పుడు ఏడ్చింది, భోరుమని.

బండి రేపల్లె చేరింది. ప్లాట్‌ఫారం మీద ఐసుపెట్టె కోసం కాచుకున్న ముఠా మనుషులిద్దర్నీ వీరాస్వామి మనుషులు పట్టుకున్నారు.

“అంతా సవ్యమేనా?” ఇయర్‌ఫోన్‌లో చీఫ్.

“టికెట్ లేని ప్యాసింజరు ఒకడు దొరికాడు సార్,” అన్నాడు ఫరూక్. “ఇంకో పదకొండు మంది లోపల్నుంచి తలుపు కొడుతున్నారు.”