పదకొండు గంటల సైరన్

పెద్దాయన క్లోరిన్ గదిలో బోర్లా పడి ఉన్నాడు. కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. తలుపు ఇంకో మూడడుగుల దూరమే.

మంగళవారం ఉదయం 11:42కి శవాన్ని మొదట చూసింది ఆయన అసిస్టెంట్. 11:46కి ప్లాంట్ మేనేజర్ పోలీస్ స్టేషన్‌లో ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ కొట్టాడు.

"మేడమ్, ఎటాక్! వెనక కంచె గేటు గొలుసు కోసేశారు. గ్యాస్ వదిలేశారు. మా పెద్దాయన పోయాడు!"

ఊరు ఊరంతా తాగే నీళ్ళు శుద్ధయ్యేది ఆ ప్లాంట్‌లోనే. ఆ నీళ్ళలో కలిపే క్లోరిన్ సిలిండర్లు చూసుకునేది పెద్దాయనే. రెండు నెలల కిందట ఒక బెదిరింపు ఉత్తరం వచ్చింది. అంతే, ఆఘమేఘాల మీద సంయుక్త రక్షణ కమిటీ పుట్టింది. ప్లాంట్ నడిపే కంపెనీ, నీటి శాఖ, పోలీసులు, ఫైర్ సర్వీస్. నలుగురూ సంతకాలు పెట్టారు, ఫొటో దిగారు. పోలీసుల తరఫున సంతకం ఇన్‌స్పెక్టర్‌దే. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆమెకు నచ్చిన సంతకాల్లో అదొకటి.

మంగళవారం సాయంత్రానికల్లా ఒకడు దొరికాడు. సిలిండర్లు దింపి వెళ్ళిన వ్యాన్ డ్రైవర్. పెద్దాయనను ప్రాణాలతో ఆఖరిసారి చూసినవాడు. బండిలో బారెడు స్పానర్. పైగా ఊరికి కొత్త, మాటలో వేరే యాస. ఇంకేం కావాలి? పేపర్లవాళ్ళకు పండగే.

బుధవారం సాయంత్రం అయిదింటికి ప్రత్యేక దళం వస్తుంది. ఉగ్రవాద చట్టం కింద వాణ్ణి తీసుకుపోతుంది. ఆ దళం వ్యాను ఎక్కినవాడు మళ్ళీ ఇంటి గడప ఎప్పుడు తొక్కుతాడో చెప్పడం ఎవరి తరమూ కాదు.

బుధవారం ఉదయం పది నుంచి ఇన్‌స్పెక్టర్ వాణ్ణి అడుగుతూనే ఉంది.

"ఎన్నింటికి లోపలికెళ్ళావ్?"

"పదీ పదికి మేడమ్."

"బయటికి?"

"పదీ నలభై అయి ఉంటుంది."

"వెనక గేటు వైపు వెళ్ళావా?"

"ఆ వెనకాల గేటుందని మీరు చెప్తేనే తెలిసింది."

"స్పానర్?"

"అది లేకుండా సిలిండర్ ఎలా బిగిస్తారు మేడమ్? పెద్దాయనే పట్టుకున్నాడు, నేను తిప్పాను. 'వాషర్ అరిగిపోయిందిరా, మొత్తుకున్నా ఎవరూ వినట్లేదు' అన్నాడు. నాకు మంచినీళ్ళిచ్చి పంపాడు."

ఇన్‌స్పెక్టర్ ఎంతోమంది అబద్ధాలకోరులను చూసింది. వీడు ఆ బాపతులా అనిపించలేదు. అనిపించడం సాక్ష్యం కాదు కదా అని విసుక్కుంటూ బయటికొచ్చింది.

బెంచీ మీద డ్రైవర్ భార్య కూర్చుని ఉంది. ఒళ్ళో టిఫిన్ క్యారియర్. మూత తీయలేదు.

"టైమెంతయిందమ్మా?"

ఇన్‌స్పెక్టర్ చేతి వాచీ చూసింది. నాన్న వాచీ అది, కీ ఇచ్చేది. "పన్నెండూ పది."

"ఐదింటికి తీసుకెళ్ళిపోతారంట. ఈలోపు ఒక్క ముద్ద తినిపించుకోవచ్చా?"

"వెళ్ళు. తినిపించు."

ఆమె లేచింది. ఇన్‌స్పెక్టర్ అలవాటుగా గోడ గడియారం వైపు చూసింది. 12:04. జేబులో ఫోన్ తీసింది. అదీ 12:04.

ఆమె అక్కడే ఆగిపోయింది.

నాన్న వాచీ వారానికి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. నాన్నలాగే దానికీ తొందరన్నది తెలీదు. జన్మలో ఎన్నడూ ముందుకు పోలేదు. అందుకే ప్రతి మంగళవారం పదకొండింటికి ప్లాంట్ సైరన్ టెస్ట్ మోగగానే ఆమె ముల్లు పదకొండు మీద పెడుతుంది. నిన్నా పెట్టింది.

మరి ఇవాళ ఆరు నిమిషాలు ముందుకెలా పోయింది?

"క్యాలెండర్!"

హెడ్ కానిస్టేబుల్ పరుగెత్తుకొచ్చాడు. ఏ తేదీ ఏ వారమో అడిగితే కళ్ళు మూసుకుని చెప్తాడు కాబట్టి స్టేషన్‌లో అందరికీ అతను క్యాలెండరే. భార్య పుట్టినరోజు మాత్రం గుర్తుండదు.

"నిన్న సైరన్ టెస్ట్ ఎవరి వంతు?"

"మొదటి మంగళవారం కంపెనీ, రెండోది నీటి శాఖ, మూడోది మనం, నాలుగోది ఫైర్..." అతను వేళ్ళు మడుస్తూ ఆగాడు. "మేడమ్, నిన్న ముప్ఫయ్యో తేదీ. ఐదో మంగళవారం."

"ఐదోదానికి ఎవరు?"

"ఒప్పందంలో నలుగురే కదా మేడమ్. ఇది పెట్టాక ఐదో మంగళవారం రావడం ఇదే మొదలు."

ఇన్‌స్పెక్టర్ కుర్చీలో కూర్చుని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్‌కి ఫోన్ చేసింది.

"నేనే చేద్దామనుకున్నా," అన్నాడు డాక్టర్. "కుడిచేతి బొటనవేల్లో గాజుముక్క ఉంది. సన్నటిది. ఇంకోటి... గ్యాస్ పీల్చగానే పోలేదు. కనీసం ఇరవై నిమిషాలు ప్రాణంతో ఉన్నాడు."

1:15కి ప్లాంట్‌కి వెళ్ళింది. క్లోరిన్ గదిలో, సిలిండర్ల పక్క గోడకు ఎర్ర సైరన్ బటన్. దాని మీది గాజు పగిలి ఉంది. దాడిలో పగిలిందని నిన్నటి రిపోర్ట్‌లో ఒక్క ముక్కలో తేల్చేశారు. వారం వారం టెస్టులకు వంతు వచ్చినవాళ్ళు తమ ఆఫీసులోని స్విచ్‌తోనే మోగిస్తారు. ఈ గాజు పగలగొట్టే అవసరం ప్రాణం మీదికొచ్చినవాడికే.

మెయిన్ గేటు కెమెరా చూసింది. 10:41కి వ్యాన్ బయటికి పోయింది. 10:54కి వాచ్‌మన్ తలెత్తి ప్లాంట్ వైపు చూశాడు. తర్వాత తీరిగ్గా తన చేతి వాచీ సరిచేసుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు.

అది చూసి క్యాలెండర్ ఫక్కున నవ్వబోయాడు. మేడమ్ ముఖం చూసి నవ్వు మింగేశాడు.

వెనక గేటు దగ్గర బురద గట్టిపడి ఉంది. నిన్న వాన కురిసింది 11:15 నుంచి 11:30 దాకా. బురదలో ఒకే జత బూట్ల అచ్చులు. లోపలి నుంచి గేటు దాకా, మళ్ళీ వెనక్కి. గేటు అవతల ఒక్క అడుగూ లేదు. క్లోరిన్ గది నుంచి అక్కడికి ఇన్‌స్పెక్టర్ గబగబా నడిచి చూసింది. తొమ్మిది నిమిషాలు పట్టింది.

నాలుగింటికి కమిటీ గదిలో నలుగురు చేరారు. కంపెనీ మేనేజర్, నీటి శాఖ ఇంజనీర్, ఫైర్ ఆఫీసర్, కంట్రోల్ రూమ్ ఆపరేటర్. గోడ మీద ఒప్పందం రోజు ఫొటో వేలాడుతోంది.

"ప్రత్యేక దళం అయిదింటికి వస్తుంది," అన్నాడు మేనేజర్. "డ్రైవర్‌ని అప్పజెప్తే మన పని అయిపోయినట్టే కదా మేడమ్?"

"కొన్ని ప్రశ్నలున్నాయి. ఆపరేటర్, నిన్న సైరన్ ఎవరు మోగించారు?"

"ఎవరో... టెస్ట్ కదా మేడమ్. నాలుగు నిమిషాలు మోగనిచ్చి ఎప్పట్లాగే ఆపేశాను."

"ఇంజనీర్ గారూ, మీరా?"

"మాది రెండో వారం. ఫైర్ వాళ్ళనుకున్నాను."

"మేం పోలీసులనుకున్నాం," అన్నాడు ఫైర్ ఆఫీసర్.

ఇన్‌స్పెక్టర్ బల్ల మీద లాగ్ బుక్కులు పరిచింది. "అన్నిట్లోనూ ఒకటే రాత. '11:00. సైరన్ టెస్ట్. ఓకే.' అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాడెవరు? నిన్న టెస్టే లేదు. సైరన్ మోగింది 10:54కి. గాజు పగలగొట్టి బటన్ నొక్కింది పెద్దాయన. వాషర్ తెగి గ్యాస్ కొట్టింది. రమ్మని పిలిచాడు. మనం ఓకే అని రాసుకున్నాం."

ఆపరేటర్ ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

"మరి కోసిన గొలుసు?" మేనేజర్ గొంతు పెంచాడు.

"అది వాన వెలిశాక కోశారు. కోసినవాడు లోపలి మనిషి. బురద ఇంకా బూట్లకే ఉండొచ్చు."

గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, మేనేజర్ కాళ్ళు కుర్చీ కిందికి లాక్కున్నాడు. ఆ గదిలో అది చూడనివాళ్ళు లేరు.

"11:42కి శవం దొరికింది. 11:46కి గొలుసు తెగిందని మీరు నాతో చెప్పారు. పోను తొమ్మిది నిమిషాలు, రాను తొమ్మిది. నాలుగు నిమిషాల్లో ఎలా చూశారు సార్?"

మేనేజర్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"పదకొండూ ఇరవై అయిదుకి కిటికీ అద్దంలోంచి చూశాను," అన్నాడు మేనేజర్ చివరికి. "కదలట్లేదు. ఒట్టు మేడమ్, అప్పటికే కదలట్లేదు. వాషర్ సంగతి బయటపడితే... ఆయన మూడుసార్లు రాసిచ్చాడు."

"ఆ ఉత్తరాలేవి?"

మేనేజర్ మూలనున్న ఇనప్పెట్టె వైపు చూపించాడు. "అది ప్లాంట్ బలహీనత కదా. శత్రువుకి తెలియకూడదని కమిటీ రహస్యం ముద్ర వేసింది. రహస్యమయ్యాక రిపేరు ఎవరు చేయిస్తారు? మాకు కూడా ఆ ఫైలు తెరిచే అధికారం లేదు."

ఇంజనీర్ తల దించుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌కు ఆ మీటింగ్ గుర్తుంది. పదిహేడు ఫైళ్ళ కట్ట మీద చదవకుండా సంతకం పెట్టింది.

4:35కి మేనేజర్‌ను స్టేషన్‌కి తెచ్చారు. 4:50కి డ్రైవర్ బయటికొచ్చాడు. భార్య వాడి చొక్కా పట్టుకుని వదల్లేదు. క్యారియర్ ఖాళీగా బెంచీ మీద ఉంది.

వెళ్ళబోతూ వాడు ఆగాడు. "మేడమ్, పెద్దాయన సైరన్ కొట్టాడంట కదా. ఊరంతా వినపడుతుందంటగా. ఒక్కరు కూడా పోలేదా?"

ఇన్‌స్పెక్టర్ వాచీ విప్పింది. మణికట్టు మీద తెల్లటి గుర్తు మిగిలింది. వాచీని బల్ల మీద పెట్టింది.

"క్యాలెండర్, దీన్ని సాక్ష్యాల్లో చేర్చు. ఆ తర్వాత కాగితం తీసుకో. స్టేట్‌మెంట్ రాయాలి."

"ఎవరిది మేడమ్?"

"నాదే. మంగళవారం సైరన్ విన్నాను. స్టేషన్ లాగ్‌లో ఓకే అని నేనే రాశాను. ప్లాంట్‌కి జీపులో అయిదు నిమిషాలు. నేను వెళ్ళలేదు." ఆమె బల్ల మీది వాచీ వైపు చూపించింది. "వాచీ సరిచేసుకున్నాను. అది కూడా రాయి."

క్యాలెండర్ పెన్ను మూత తీశాడు. పైన తేదీ వేశాడు. చాలాసేపటి దాకా ఆ కింద ఇంకేమీ రాయలేకపోయాడు.