అగ్రిపీనా టీచర్ కంటి ఎత్తు

బడి గంట మోగేసరికి ఫౌస్తా ఇంకా చక్రాల కుర్చీ కిందే ఉంది.

"వెడల్పు అరవై నాలుగు," అంది కింది నుంచి. స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గర కాపలా కాస్తున్న బోనిఫాస్ ఆ అంకెను అరచేతి మీద రాసుకున్నాడు. టీ వేళ అగ్రిపీనా టీచర్ స్టాఫ్‌రూమ్ బల్ల మీదికి మారి, కుర్చీని ఎండలో పెట్టిస్తారు. ఆ పావుగంటలోనే ఫౌస్తా కొలతలన్నీ తీసుకోవాలి. టీచర్‌కి మాత్రం తెలియకూడదు.

కరాటు ఊళ్ళోని ఆ బడిలో ఆరో తరగతి పిల్లలు ఏటా తరంగీరే పార్కుకు సఫారీకి వెళతారు. పంతొమ్మిదేళ్ళుగా వాళ్ళను బస్సెక్కించేది అగ్రిపీనా టీచరే. బస్సు కదిలాక గేటు దగ్గర కుర్చీలో ఉండి చెయ్యి ఊపేదీ ఆవిడే. ఆవిడ కుర్చీ ఎక్కే బండి ఇంతవరకు ఎవరూ తేలేదు. సోమవారం పిల్లలు సఫారీ గురించి వ్యాసం రాసుకొస్తే, టీచర్ ఎర్ర పెన్నుతో దిద్దుతారు. ఆవిడ నియమం ఒక్కటే. చూసిందే రాయాలి. ఊహించి రాస్తే ఒక మార్కు కోత.

ఆ కోత ఫౌస్తా వాళ్ళమ్మకు కూడా పడింది. అమ్మ పేరు ఎమిలియానా, అగ్రిపీనా టీచర్ మొదటి బ్యాచి విద్యార్థిని. ఏనుగు కంటికి పొడుగాటి రెప్పవెంట్రుకలు ఉంటాయని రాస్తే, టీచర్ అది కొట్టేసి, పక్కన 'ఊహించకు' అని రాసి, పదికి తొమ్మిది వేశారట. అమ్మ ఇప్పుడు సఫారీ బండి నడుపుతుంది. ఏనుగులను రోజూ చూస్తుంది. అయినా ఆ పోయిన మార్కు మీద దిగులు మాత్రం పోలేదు.

ఈ డిసెంబరుతో టీచర్ రిటైరవుతున్నారు. ఇక మిగిలింది ఈ ఒక్క సఫారీయే. "ఈసారి ఆవిడ గేటు దగ్గర ఉండిపోవడానికి వీల్లేదు," అంది అమ్మ. బండి తనదే ఇస్తానంది. ఎలా తీసుకెళ్ళాలో ఆలోచించే పని ఫౌస్తాకు అప్పగించింది. ఆ రోజు ఫౌస్తా కాళ్ళు నేల మీద ఆనలేదు. కొత్త నోట్‌బుక్కు అట్ట మీద 'ఫౌస్తా ప్లాన్' అని పెద్ద అక్షరాలతో రాసుకుంది.

ప్లాన్ ప్రకారం బండిలో రెండు సీట్లు తీసేశారు. వెల్డింగ్ షాపు సుల్లే బాబాయి కుర్చీ ఎక్కడానికి వాలు పలక చేశాడు. చక్రాలు కదలకుండా కొక్కేలు బిగించాడు. ఒకరోజు టీ వేళ అమ్మ బండిని బడి వెనక ఆపితే, ఫౌస్తా ఖాళీ కుర్చీని ఎక్కించి, అందులో తానే కూర్చుని చూసింది. కిటికీలోంచి వంటగది, మేకలు, మామిడిచెట్టు అన్నీ చక్కగా కనిపించాయి. బోనిఫాస్ కూడా కూర్చుని చూస్తానన్నాడు. "నేను చూశానుగా," అని ఫౌస్తా వాణ్ణి దింపేసింది.

ఆదివారం చర్చి అయ్యాక అమ్మ, ఫౌస్తా, బోనిఫాస్, ఇంకొందరు పిల్లలు కలిసి బండిలో టీచర్ ఇంటికి వెళ్ళారు. సంగతి విన్న టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "నన్నా?" అని మాత్రం అడిగారు.

కుర్చీ వాలు పలక మీద సాఫీగా ఎక్కింది. కొక్కేలు టకటకా పడ్డాయి. ఒకసారి అలా తిరిగొద్దామని అమ్మ బండిని కాఫీ తోటల దాకా పోనిచ్చింది. అక్కడ కంచె మీద కోతుల గుంపు కనిపించింది. అమ్మ బండి ఆపి పైకప్పు ఎత్తింది. పిల్లలంతా ఒక్కసారిగా సీట్ల మీదికెక్కి తలలు బయట పెట్టారు. సఫారీ బండిలో పెరిగిన ఫౌస్తాకైతే జంతువు కనిపిస్తే లేచి నిలబడటం ఊపిరి తీసుకున్నంత అలవాటు.

"టీచర్, పిల్లను చూశారా? వాళ్ళమ్మ పొట్టకి ఎలా కరుచుకుందో!" అన్నాడు బోనిఫాస్.

"చూడలేదురా," అన్నారు టీచర్ నెమ్మదిగా. "నాకు కనిపించేది పచ్చ రేకు. దానికి రెండు స్క్రూలున్నాయి. ఒకటి తుప్పు పట్టింది."

పిల్లలు పకపకా నవ్వారు. ఫౌస్తా నవ్వలేదు. వంగి చూసింది. టీచర్ పొడగరి. ఆవిడ కళ్ళు కిటికీ పై అంచు దాటిపోయాయి. ఎత్తిన కప్పు కింది ఖాళీకేమో అందలేదు. ఆ రెంటికీ మధ్య జానెడు పచ్చ రేకు ఉంది. టీచర్ కళ్ళు సరిగ్గా దాని ఎదురుగా ఉన్నాయి.

తప్పు తెలిసింది. కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, "నేను కూర్చుని చూశాను టీచర్. అన్నీ కనిపించాయి. మీరు కాస్త వంగితే సరిపోతుంది," అంది.

టీచర్ వంగారు. కాసేపు అలాగే చూశారు. తరవాత మెడ వెనక చెయ్యి వేసి రుద్దుకున్నారు. "కనిపించాయమ్మా, తోకలు," అన్నారు.

ఇంటికొచ్చాక కూడా ఫౌస్తా ముఖం ముడుచుకునే ఉంది. ఇంత చేస్తే ఒక్క రేకు గురించే మాట్లాడతారేమిటని గొణిగింది. పొయ్యి మీద మొక్కజొన్న గింజలు, చిక్కుళ్ళు ఎక్కిస్తున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"నీ కళ్ళకి కనిపించింది సరే. వెళ్ళేది నీ కళ్ళా?"

ఫౌస్తా పొయ్యి పక్కన పీట మీద కూర్చుని, టీచర్‌లా మెడ వంచింది. కుండ ఉడికేదాకా ఇలాగే ఉండగలనో లేదో చూద్దామనుకుంది. కుండలో నీళ్ళు ఇంకా కాగనే లేదు, మెడ లాగేసింది. సఫారీ ఆరు గంటలు. ఫౌస్తాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. టీచర్ ఒక్క మాటన్నా బాగుండేది. ఏమీ అనకుండా వంగి తోకలు చూశారు.

మర్నాడు టీ వేళ ఫౌస్తా కుర్చీ కిందికి దూరలేదు. స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"షికమో, టీచర్."

"మరహబా," అని నమస్కారం అందుకున్నారు టీచర్.

"నిన్న మిమ్మల్ని వంగి చూడమన్నాను. అలా అనకూడదు, తప్పయిపోయింది. మీ కంటి ఎత్తు కొలుచుకోనా?"

టీచర్ బల్ల మీంచి కుర్చీలోకి మారి, నిటారుగా కూర్చున్నారు. "కొలుచుకో. ఇప్పటిదాకా అందరూ కుర్చీనే కొలిచారు," అన్నారు.

నేల నుంచి నూట ఇరవై ఆరు సెంటీమీటర్లు వచ్చింది. బండి అడుగు నుంచి రేకు పై అంచు నూట నలభై. కుర్చీ కింద ముప్పై సెంటీమీటర్ల అరుగు కడితే సరిపోతుందని ఫౌస్తా గబగబా లెక్క తేల్చి, నోట్‌బుక్కులో రాయబోయింది. అంతలో పెన్సిలు ఆపి, "సరిపోతుందా టీచర్?" అని అడిగింది.

"రోడ్డు మీద వెళ్ళేటప్పుడు మీ అమ్మ కప్పు మూస్తుంది కదా. అప్పుడు నా తల ఎక్కడ పెట్టుకోను, నీ ఒళ్ళోనా?"

ఫౌస్తాకు నవ్వొచ్చింది. నిజమే, అరుగు ఎప్పుడూ ఎత్తులోనే ఉంటే కుదరదు. ఇద్దరూ కాగితం ముందేసుకున్నారు. బండి టైరు మార్చేటప్పుడు ఏం చేస్తారని టీచర్ అడిగారు. జాకీ పెట్టి ఎత్తుతామంది ఫౌస్తా. అని, కళ్ళు పెద్దవి చేసుకుని టీచర్ వంక చూసింది. బండినే ఎత్తే జాకీ టీచర్‌ని ఎత్తలేదా? ఎత్తాక అరుగు దిగిపోకుండా నాలుగు మూలలా ఇనప చీలలు దోపాలని టీచర్ బొమ్మ గీసి చూపించారు.

"నీ ప్లాన్‌లో టీ ఎన్నిసార్లుంది?" అని అడిగారు తరవాత.

"మూడుసార్లు."

"మరి టీ తాగినదాన్ని ఎక్కడికెళ్ళాలి?"

ఫౌస్తా నోట్‌బుక్కు తిరగేసింది. ప్లాన్‌లో బాత్రూమ్ మాటే లేదు. దూరం వెళ్ళే రోజుల్లో దాహమేసినా నీళ్ళు ముట్టనని టీచర్ మామూలుగా చెప్పారు. ఆ మాట ఫౌస్తాకు గుచ్చుకుంది. దారిలో వెడల్పు తలుపుల బాత్రూమ్‌లు ఎక్కడున్నాయో ఆ సాయంత్రమే అమ్మ చేత ఫోన్లు చేయించి కనుక్కుంది. రెండు దొరికాయి. వాటి తలుపుల వెడల్పు అడిగింది. చక్రాలు తిప్పే చేతులకు కూడా చోటుండాలని టీచర్ చెప్పిన మాట మరిచిపోలేదు.

శనివారం పొద్దున బడి గేటు దగ్గర మిగతా టీచర్లు నిలబడి చెయ్యి ఊపారు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి అగ్రిపీనా టీచర్ బండి లోపలి నుంచి చెయ్యి ఊపారు. వెనక బస్సులో ఉన్న క్లాసంతా పాట అందుకుంది.

పార్కు లోపల అమ్మ కప్పు ఎత్తింది. ఫౌస్తా జాకీ తిప్పింది. సుల్లే బాబాయి బిగించిన అరుగు కొంచెం కొంచెంగా లేచింది. టీచర్ కళ్ళు పచ్చ రేకు దాటి పైకొచ్చాయి.

"స్క్రూలకిక సెలవు," అన్నారు టీచర్. ఎండిన గడ్డి, దూరంగా జీబ్రాలు, ఆకాశం అన్నీ ఒకేసారి కనిపించాయి.

నోట్‌బుక్కులో ముందు నది అని రాసుంది. "ఇప్పుడు నది దగ్గరికి" అనబోయి ఫౌస్తా ఆగింది. "టీచర్, మీకు ముందు ఏం చూడాలనుంది?"

"బావోబాబ్ చెట్టు," అన్నారు టీచర్ తడుముకోకుండా. "ఏనుగులు దంతాలతో బెరడు చీల్చిన చెట్టు. పంతొమ్మిదేళ్ళుగా బోర్డు మీద గీస్తున్నాను. సరిగ్గానే గీశానో లేదో చూడాలి."

చెట్టు దగ్గరికి వెళ్ళి అమ్మ ఇంజను ఆపింది. పది మంది చేతులు చాచినా అందనంత లావు మాను. దాని బెరడు నిలువునా చీరుకుపోయి ఉంది. బొమ్మలో తాను గాట్లు కిందికి గీశానని, ఇంకా పైకి ఉండాలని టీచర్ అంటుండగానే చెట్టు వెనక నుంచి ఒక తల్లి ఏనుగు వచ్చింది. దాని కాళ్ళ మధ్య పిల్ల. ఎవరూ కదల్లేదు. ఏనుగు తొండం ఊపుకుంటూ బండి పక్కనుంచే నడిచింది. టీచర్‌కి ఎదురుగా వచ్చి ఒక్క క్షణం ఆగింది. దాని కన్ను, టీచర్ కన్ను ఒకే ఎత్తులో ఉన్నాయి.

అది పొదల్లోకి వెళ్ళిపోయాక టీచర్ గొంతు వినిపించింది.

"ఎమిలియానా."

"చెప్పండి టీచర్," అంది అమ్మ స్టీరింగు దగ్గరి నుంచి.

"రెప్పవెంట్రుకలు ఉన్నాయి. పొడుగ్గా ఉన్నాయి. చూడకుండా కొట్టేసింది నేనే. నీకు పదికి పది."

అమ్మ వెనక్కి తిరగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. ఆ పది మార్కులు తనకే వచ్చినంత సంబరపడింది ఫౌస్తా.

సోమవారం క్లాసులో పిల్లలతో పాటు టీచర్ కూడా వ్యాసం రాసుకొచ్చారు. పైకి చదివి వినిపించి, కాగితాన్ని, ఎర్ర పెన్నును ఫౌస్తా చేతికిచ్చారు. "దిద్దు. మొహమాటపడకు," అన్నారు.

ఫౌస్తా కుర్చీ లాక్కుని టీచర్ పక్కన కూర్చుంది. ఒక్కో వాక్యం మీద వేలు పెట్టి చదివింది. చెట్టు సరే. ఏనుగు సరే. రెప్పవెంట్రుకలు సరే. చివరి వాక్యం దగ్గర వేలు ఆగింది. 'ఈ ప్లాన్ ఫౌస్తా వేసింది' అని ఉంది అక్కడ.

క్లాసంతా తననే చూస్తోంది. ఫౌస్తా 'ఫౌస్తా వేసింది' అన్న మాటల మీద ఎర్ర గీత కొట్టింది. పైన గుండ్రటి అక్షరాలతో 'మేమిద్దరం కలిసి వేశాం' అని రాసింది. ఒక మార్కు కోసి, పదికి తొమ్మిది వేసి, కాగితం టీచర్‌కి తిరిగిచ్చింది.